రాజుగారి గోరింటాకు

గోరింటాకు పెట్టుకున్న చేతులు ఆరకముందే ముక్కు మీద దురద పుడుతుందని మనందరికీ తెలుసు. ఇంత చిన్న సంగతి తెలియని రాజు ఒకడు ఒకానొక రాజ్యంలో ఉండేవాడు. తెలియకపోవడం వల్ల ఆయనకి ఎంత మేలు జరిగిందో చెబుతాను, వినండి.

ఆ రాజ్యం పేరు నందిగిరి. రాజు పేరు చారుసేనుడు. చారు అంటే అందం అని అర్థం. వంటింటి చారు అనుకునేరు, ఆయన వింటే బాధపడతాడు. మనిషి మంచివాడే. జనాన్ని పన్నులతో పిండేవాడు కాదు, యుద్ధాలంటే సరదా లేదు, ఆకలితో వచ్చినవాణ్ణి వెనక్కి పంపేవాడు కాదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. తనకి నచ్చింది లోకానికంతటికీ నచ్చితీరాలి. ఆయనకి చలేస్తే సభలో అందరూ శాలువాలు కప్పుకోవాలి. ఆయనకి నిద్రొస్తే కొలువంతా ఆవలించాలి.

ఒక చలికాలం ఆయన వేటకి వెళ్ళి, మొహమంతా బీటలు వారి తిరిగొచ్చాడు. వైద్యుణ్ణి పిలవకుండా వంటశాలలో దూరి తనే ఒక ముద్ద నూరాడు. వెన్న, ఆవనూనె, తేనె, పరిమళం కోసం గుప్పెడు లవంగాలు. అది రాసుకోగానే బీటలు మానాయి, బుగ్గలు నిగనిగలాడాయి. అసలే ఆయనది దుక్కి దున్నని నేలలాంటి పొడి చర్మం. ఎంత జిడ్డు పోసినా తాగేస్తుంది. ఆ ముక్క మాత్రం ఆయనతో ఎవరూ అనలేదు.

చారుసేనుడు ఒక పూటంతా అద్దం ముందు నిలబడి, ఆ ముద్దకి 'సర్వజన సుందర లేపనం' అని పేరు పెట్టాడు. ఆషాఢమాసం వచ్చేసరికి కుండలకు కుండలు సిద్ధం చేయించి దండోరా వేయించాడు.

"కోటలో కొలువున్న ప్రతివారూ, ఆడా మగా, చిన్నా పెద్దా, స్నానం కాగానే మొహానికీ తలకీ మహారాజావారి లేపనమే రాసుకోవాలహో! సున్నిపిండి, పసుపు, చందనం, కొబ్బరినూనె నేటినుంచి నిషిద్ధమహో!"

"మొహానికొకటి, జుట్టుకొకటి, ఒంటికొకటి ఏమిటి ఈ గందరగోళం? ప్రజలందరికీ రాజు ఒక్కడే. లేపనం కూడా ఒక్కటే ఉండాలి," అని చారుసేనుడు సభలో సెలవిచ్చాడు. చప్పట్లు మారుమోగాయి. చప్పట్లు కొట్టినవాళ్ళు అప్పటికింకా రాసుకోలేదు.

రాసుకున్నాక మొదలైంది అసలు పండగ. సేనాపతిది పుట్టుకతోనే నూనె కారే మొహం. దానిమీద ఈ వెన్న కూడా పడేసరికి, మనవలున్న ఆ మనిషికి పెళ్ళికాని కుర్రాడిలా మొటిమలు లేచాయి. ఆస్థాన పండితుడి బుగ్గలు లవంగాల ఘాటుకి కందిపోయాయి. మహారాణి చంపకదేవి ఉంగరాల జుట్టు ముద్దకట్టి దువ్వెనకి లొంగడం మానేసింది. తేనె వాసనకి చీమలు బారులు కట్టి వేళకి సభకి హాజరయ్యేవి. ఆ నెలలో అంత క్రమశిక్షణగా కొలువుకి వచ్చింది అవే.

అయినా ఒక్కరు నోరు విప్పలేదు. పండితుడు దీర్ఘంగా ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, ఘంటంతో చెంప గోక్కునేవాడు. సేనాపతి మీసం దువ్వే నెపంతో గడ్డం దాకా రుద్దుకునేవాడు. మహామంత్రి దండపాణి మరీ గడుసు. ఉత్తరీయంతో మొహమంతా గట్టిగా తుడుచుకుని, "మహారాజా, తమ లేపనం చల్లదనానికి ఆనందబాష్పాలు ఆగడం లేదు," అనేవాడు. చారుసేనుడు మురిసిపోయి ఇంకో కుండ ఇప్పించేవాడు. పాపం, అడిగి తెచ్చుకున్న కష్టం.

ఆ సభలోనే తిప్పన అని ఒక కవి ఉండేవాడు. కవిత్వం ఒక మోస్తరు, చమత్కారం మాత్రం జాస్తి. బట్టతల. ఒకరోజు రాజు అతన్ని పిలిచి, "ఏం తిప్పనా, మా లేపనం ఎలా ఉంది?" అని అడిగాడు.

"ఏం చెప్పమంటారు మహారాజా! పొద్దున నన్ను చూసి మా ఆవిడ ఎవరో కొత్త మనిషి అనుకుని తలుపేసుకుంది," అన్నాడు తిప్పన.

"భేష్! అంత అందం వచ్చిందా!" అని రాజు పొంగిపోయాడు. తిప్పన వాచిన పెదవులతో నవ్వి ఊరుకున్నాడు.

ఇలా అందరూ గోక్కుంటూ, పొగుడుకుంటూ కాలం వెళ్ళదీస్తుండగా సింగమ్మ నోటివెంట ఒక మాట వచ్చింది.

సింగమ్మ మహారాణికి జడలు వేసే మనిషి. చంపకదేవి పసిపిల్లగా ఉన్నప్పటినుంచి ఎత్తుకు పెంచి, పెళ్ళయ్యాక ఆమెతోపాటే పుట్టింటినుంచి ఈ కోటకి వచ్చింది. మొగుడు లేడు, పిల్లలు లేరు. దండోరా విని తనూ భక్తిగా లేపనం రాసుకుంది. మర్నాటికి కళ్ళు మూసుకుపోయేంతగా మొహం వాచింది. పాయ ఏదో పాపిడి ఏదో కనబడక, ఆ రోజు మహారాణి జడ వంకరగా వచ్చింది. ఆపైన సింగమ్మ చన్నీళ్ళతో మొహం కడుక్కుని, ఏమీ రాయకుండా పనిలోకి వచ్చేసింది.

అంతఃపురం గుమ్మంలో మహామంత్రి ఎదురయ్యాడు. తను దురదతో వేగిపోతుంటే ఈవిడ తేటగా, హాయిగా నడిచొస్తోంది. ఆయనకి కడుపు మండింది.

"ఏం సింగమ్మా, లేపనం ఏదీ?"

"అది నాకు పడదు బాబూ," అంది సింగమ్మ. అని తన దారిన తను వెళ్ళిపోయింది.

మన తెలుగులో ఈ 'పడదు' ఉన్నదే, మహా చెడ్డ మాట. వంకాయ తిని ఒళ్ళంతా దద్దుర్లెక్కినా పడదంటాం, తోడికోడళ్ళకి మాటల్లేకపోయినా పడదంటాం. మొదటిది ఒంటి సంగతి, రెండోది మనసు సంగతి. సింగమ్మ అన్నది మొదటిది. మహామంత్రి మోసుకెళ్ళింది రెండోది.

"మహారాజా, సింగమ్మకి పడదట."

"ఏం పడదు?"

"తమ లేపనం... అంటే తమరు... రెండూ ఒకటే కదా ప్రభూ!"

చారుసేనుడి మొహం వాడిపోయింది. ఆయనకి కోపం కంటే ముందు బాధ కలిగిందని నేను చెబుతాను, ఎందుకంటే అదే నిజం. మెచ్చుకోళ్ళ మీద బతికేవాడికి ఒక్క ముసలమ్మ మెచ్చుకోకపోయినా ముద్ద దిగదు. కానీ రాజు కదా, బాధని బాధగా చూపించడం చేతకాదు. సింహాసనం మీదినుంచి లేచి, నిండు సభలో ఆజ్ఞ ఇచ్చాడు.

"మేమంటే పడనిది మా రాజ్యంలో ఎందుకుండాలి? వచ్చే శుక్రవారం పొద్దు వాలేలోగా సింగమ్మ నందిగిరి పొలిమేర దాటాలి."

ఆ రాత్రి భోజనం దగ్గర మహారాణి బతిమాలింది. "ఆవిడ నన్ను పెంచిన మనిషి. ఈ వయసులో ఎక్కడికి పోతుంది?"

"నిండు సభలో అన్న మాట చంపకా, వెనక్కి తీసుకుంటే నవ్వుతారు," అన్నాడు రాజు.

"సరే అయితే. సింగమ్మ గడప దాటాక నా తల ఇంకొకరు ముట్టుకోరు. జుట్టు విరబోసుకునే తిరుగుతాను. అప్పుడు నవ్వరేమో చూద్దాం," అని మహారాణి విస్తరి ముందునుంచి లేచిపోయింది. రాజు ఒక్కడే కూర్చుని పెరుగన్నం కెలికాడు.

గురువారం పొద్దున తిప్పన సింగమ్మని చూడటానికి అంతఃపురం పెరట్లోకి వెళ్ళాడు. ఆమె మూట అప్పటికే కట్టేసి ఉంది. ఒక చీర, ఒక దుప్పటి, దంతపు దువ్వెన, అంతే. తను మాత్రం రోటి ముందు కూర్చుని గోరింటాకు రుబ్బుతోంది.

"ఇదేమిటి సింగమ్మత్తా, ఇప్పుడు గోరింటాకేమిటి?"

"ఆషాఢం కదా నాయనా. ఏటా అమ్మడికి నేనే పెడతాను. రేపు వెళ్ళేలోపు ఆఖరిసారి పెట్టి పోదామని," అంది సింగమ్మ, చేయి ఆపకుండా.

"ఎక్కడికి వెళతావు?"

"ఎక్కడికని వెళ్ళను? నాకు ఊరంటే ఇదే. ఇల్లంటే అమ్మడి జడే." కొంగుతో కళ్ళు తుడుచుకోబోయి, చేతులకి ఆకుముద్ద ఉందని ఆగిపోయింది.

తిప్పన రోటి పక్కన చతికిలబడ్డాడు. "పోనీ మహారాజు దగ్గరికెళ్ళి, తప్పు మాట అన్నానని ఒక్కసారి చెప్పరాదా?"

"తప్పు మాటైతే చెబుదును. పడనిదాన్ని పడదనక ఏమనాలి నాయనా? ఆయన మీద నాకేం కోపం? బంగారంలాంటి మనిషి." ఆమె మళ్ళీ రుబ్బుడు మొదలుపెట్టి, అతని దిగులు మొహం చూసి జాలిపడింది. "చెయ్యి ఇటు తే. నీకూ ఒక చందమామ పెడతాను."

తిప్పన చిన్నపిల్లవాడిలా అరచేయి చాపాడు. సింగమ్మ పట్టుకుని చూసి, వెంటనే విదిలించేసింది.

"ఛీ, ఏమిటీ జిడ్డు! లేపనం రాసుకుని చేతులైనా కడుక్కోలేదా? జిడ్డు చేతికి గోరింటాకు పండదు. కుంకుడురసంతో తోముకుని రా."

"ఏమన్నావు?"

"పండదన్నాను."

"ఇంకొక్కసారి అను అత్తా."

"పండదు, పండదు! చెవుల్లో కూడా రాసుకున్నావా లేపనం?"

తిప్పన తన అరచేతి వంక చూసుకున్నాడు. పెదవులు ఏదో కూడబలుక్కుంటున్నాయి. తర్వాత ఉన్నట్టుండి నవ్వాడు.

"అత్తా, చెట్టున ఇంకా ఆకుందా?"

"కొమ్మలు విరిగేంత ఉంది."

"అంతా కోయించు. రేపు కొలువంతటికీ కావాలి," అని తిప్పన పరుగులాంటి నడకతో సభకి వెళ్ళాడు.

సభలో రాజు దిగులుగా, బింకంగా కూర్చుని ఉన్నాడు. అలవాటు చొప్పున ఒళ్ళో లేపనం గిన్నె పెట్టుకుని రెండు చేతులకీ పూసుకుంటున్నాడు. ఆయన చేతులు ఎప్పుడూ అంతే, వెన్నలో ముంచి తీసినట్టు ఉండేవి. పట్టుదిండ్ల మీద ఆయన వేళ్ళ గుర్తులు చాకలి కూడా వదిలించలేకపోయేవాడు.

"మహారాజా, సింగమ్మ సంగతి విన్నప్పటినుంచి నాకు నిద్ర లేదు," అన్నాడు తిప్పన చేతులు కట్టుకుని.

"ఏం, జాలా?" అన్నాడు రాజు అనుమానంగా.

"జాలి కాదు మహారాజా, భయం. నోరు జారింది కనుక ఆవిడ దొరికింది. తమరంటే పడకపోయినా పైకి చెప్పనివాళ్ళు ఈ సభలో ఎంతమంది ఉన్నారో!"

సభ్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గోక్కుంటున్నవాళ్ళు ఠక్కున చేతులు దించేశారు.

"ఎలా కనిపెట్టడం?" అన్నాడు రాజు ముందుకి వంగి.

"ఇది ఆషాఢం. గోరింటాకు ఎర్రగా పండితే మొగుడి మీద ప్రేమ మెండని ఆడవాళ్ళు అనుకుంటారు. ప్రజలకి రాజు కూడా అలాంటివాడే కదా! రేపు ఒకే రోట్లో రుబ్బిన ముద్దని కొలువులో అందరి చేతులకీ పెట్టిద్దాం. ఎర్రగా పండితే రాజభక్తి. పండకపోతే తమరంటే పడనట్టే."

చారుసేనుడికి ఈ ఆలోచన తెగ నచ్చేసింది. లోపల ఏముందో తెలుసుకోవాలని ఆయన మనసు కొట్టుకుంటోంది మరి.

"పండనివాళ్ళకి శిక్ష?" అని అడిగాడు తిప్పన.

"సింగమ్మకి వేసిందే. పొద్దు వాలేలోగా పొలిమేర దాటాలి."

"ఎవరైనా సరేనా మహారాజా?"

"ఎవరైనా సరే! మహామంత్రైనా సరే!" అన్నాడు రాజు. దండపాణి గుటక మింగాడు.

"ఇంకొక్క మనవి. ఎరుపులో కూడా ఎన్నో రకాలు. దేనితో పోల్చి చూడాలో ఒక కొలత కావాలి."

"అందులో ఆలోచించేదేముంది? కొలత మా చెయ్యే. మా మీద మాకంటే ఎక్కువ భక్తి ఎవరికుంటుంది?" అన్నాడు చారుసేనుడు ఛాతీ విరిచి.

"ఆహా, ఎంత చక్కగా సెలవిచ్చారు!" అని తిప్పన నేలదాకా వంగి దణ్ణం పెట్టాడు.

శుక్రవారం పొద్దున్నే కొలువుకూటం పెరటి వాసన వేసింది. ఇత్తడి పళ్ళాల నిండా పచ్చటి ముద్ద. ముందుగా అందరి చేతులమీదా కుంకుడురసం పోసి శుభ్రంగా కడిగించారు. రాజు దగ్గరికి చెంబు తెచ్చేసరికి ఆయన మొహం చిట్లించాడు.

"మా చేతులకున్నది మురికా? లేపనం! కడగాల్సిన పని లేదు."

"చిత్తం," అన్నాడు తిప్పన. ఇంత వినయంగా అతను జీవితంలో ఎప్పుడూ తల వంచలేదు.

అరచేతుల్లో చందమామలు, వేళ్ళకి టోపీలు పెట్టారు. మీసాలున్న సేనాపతి, జందెం వేసుకున్న పండితుడు, మహామంత్రి, కోశాధికారి, అందరూ పది వేళ్ళూ విడదీసి, గాలిలోకి ఎత్తి బొమ్మల్లా కూర్చున్నారు. ఆరేదాకా ఎవరూ చేయి కదపకూడదని కట్టడి. మొహాలకి యథాప్రకారం లేపనం.

కాసేపు బాగానే జరిగింది. తర్వాత లవంగాలు పని మొదలుపెట్టాయి.

ముందు పండితుడి ముక్కుపుటాలు అదిరాయి. అలవాటుగా ఘంటం వైపు చేయి వెళ్ళబోయి గాల్లోనే ఆగింది. సేనాపతి మొహాన్ని అటూ ఇటూ మెలితిప్పి, పక్కనున్న స్తంభానికి చెంప ఆనించి పైకీ కిందకీ రుద్దడం మొదలుపెట్టాడు. అది చూసి కోశాధికారి ఇంకో స్తంభం వెతుక్కున్నాడు. కొలువుకూటంలో స్తంభాలు చాలలేదు. స్తంభం దొరకని ఇద్దరు చిన్న అధికారులు ఎదురెదురుగా కూర్చుని ఒకరి భుజానికి ఒకరు ముక్కు రాసుకున్నారు.

"ఏమిటిది? ఏం జరుగుతోంది?" అన్నాడు రాజు తెల్లబోయి.

మహామంత్రి దండపాణి మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగబట్టి, చెమటలు కక్కుతూ కదలకుండా కూర్చున్నాడు. అప్పుడొక చీమ తేనె వాసన పట్టుకుని ఆయన గడ్డం మీదుగా పైకి నడవసాగింది. పెదవి దాటింది. ముక్కు కొనమీద కాసేపు నిలబడి దారి చూసుకుంది.

"అయ్యా! ఎవరైనా నా ముక్కు గోకండయ్యా! మీకు పుణ్యముంటుంది!" అని మహామంత్రి కేక పెట్టాడు.

తిప్పన ఒక్క అంగలో ఆయన పక్కకి చేరాడు. "అదేమిటి మహామంత్రీ? ఆనందబాష్పాలు ముక్కులోకి దిగాయా?"

"బాష్పాలూ లేవు, బూడిదా లేదు! ఆ లేపనం! మొదటిరోజు నుంచీ నాకది పడలేదు!"

అనేశాక గాని ఆయనకి తను ఏమన్నాడో తెలియలేదు. స్తంభానికి రుద్దుకుంటున్న సేనాపతి సగంలో ఆగాడు.

"పడలేదా?" అన్నాడు రాజు నెమ్మదిగా. "మీకూ పడలేదా?"

"నాకూ పడలేదు మహారాజా," అన్నాడు సేనాపతి నేల చూస్తూ.

"నాకు కూడా," అన్నాడు పండితుడు. తర్వాత ఇక ఎవరెవరన్నారో తెలియలేదు.

చారుసేనుడు ఒక్కొక్క మొహాన్నే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. కందినవి, పొక్కినవి, వాచినవి. ఇన్నాళ్ళూ ఇవన్నీ తన కళ్ళముందే ఉన్నాయి. ఆయన గుండె చివుక్కుమంది, కానీ బింకం ఇంకా వదల్లేదు.

"అయితే అందరూ ద్రోహులేనన్నమాట! కడగండి చేతులు! ఎవరి రంగు ఏమిటో ఇప్పుడే తేలుతుంది!"

చేతులు కడిగారు. సేనాపతి అరచేయి కాలిన ఇటుక రంగులో పండింది. పండితుడిది లేత నారింజ. కోశాధికారిది దాదాపు నలుపు. మహామంత్రి దండపాణి చేతులైతే చిలక ముక్కులా ఎర్రగా పండాయి. ఆయన కూడా ఆశ్చర్యపోయి వాటిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

చివరికి రాజుగారి చేతులు కడిగారు. గోరింటాకు ముద్ద జారి పళ్ళెంలో పడింది. కింద అరచేయి తెల్లగా, నున్నగా, జిడ్డుగా మెరుస్తోంది. చందమామ లేదు, టోపీలు లేవు. ముద్ద పెట్టిన జాడైనా లేదు.

తిప్పన ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని బావురుమన్నాడు. "ఎంత పని జరిగింది మహారాజా! రాజుగారంటే రాజుగారికే పడదన్నమాట! పొద్దు వాలడానికి ఇంకా వేళ ఉంది. తమ మూట కట్టించమంటారా? సింగమ్మ కూడా ఆ దారినే వెళుతోంది, తోడుగా ఉంటుంది."

"నోర్ముయ్!" అన్నాడు చారుసేనుడు లేచి నిలబడి. "చేతికి జిడ్డుంది, అందుకని పండలేదు! ఇందులో భక్తి ఏమిటి, ద్రోహం ఏమిటి? ఒక్కొక్కరి చర్మం ఒక్కొక్క తీరు! ఒకే రోట్లో రుబ్బినంత మాత్రాన అందరికీ ఒకేలా పండాలని ఎక్కడుంది? మాకు పండదు, అంతే!"

"మహారాజా, ఆ మాట మరొక్కసారి సెలవివ్వండి," అన్నాడు తిప్పన కన్నీళ్ళు లేని కళ్ళు తుడుచుకుని.

"మాకు పండదు!"

"సింగమ్మ ఏమంది మహారాజా?"

"నాకు పడదు అంది."

"తమరికి పండదు. ఆవిడకి పడదు. రెండు మాటలకీ నడుమ తేడా ఎంత మహారాజా? ఒక్క సున్న! ఒంటి గుణం చెప్పినందుకు తమరికి సింహాసనమూ ఆవిడకి దేశబహిష్కారమూనా? ఆ పాటి సున్న కోసం అంత పెద్దావిడని పొలిమేర దాటించమంటారా?"

రాజు పెదవులతో నెమ్మదిగా "పడదు... పండదు..." అనుకున్నాడు. మీసం కింద ఏదో కదిలింది. ముక్కు ఊడిపోయేలా గోక్కుంటున్న మహామంత్రి కంటపడ్డాడు. ఇక ఆపుకోవడం ఆయన వల్ల కాలేదు. పొట్ట చేత్తో పట్టుకుని, సింహాసనం మీద కూలబడి, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు. ఆ నవ్వు చూసి సభ కూడా నవ్వింది. నవ్వుతూనే అందరూ మనసారా గోక్కున్నారు.

"రథం పంపండి! సింగమ్మని వెనక్కి తీసుకురండి!" అన్నాడు రాజు.

రథం ఆమెని కోటగుమ్మం దగ్గరే అందుకుంది. మూట చంకన పెట్టుకుని, ఎప్పుడూ రాని సభలోకి బెరుకుగా వచ్చి నిలబడింది సింగమ్మ. తెర వెనకనుంచి మహారాణి కూడా వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది, అన్న మాట నిలబెట్టుకుంది.

"సింగమ్మా," అన్నాడు రాజు. పెద్దగొంతు ఎక్కడికి పోయిందో, ఆయన గొంతు చిన్నదైపోయింది. "మేమంటే నీకు నిజంగా కోపం లేదా?"

"అదేం మాట బాబూ! తమ పెళ్ళికి నలుగు పెట్టింది నేను కానూ? శనగపిండి పెడితే ఒళ్ళంతా ఎర్రగా దద్దుర్లు లేచి, పీట మీద కూర్చుని ఏడ్చారు. 'ఇది నాకు పడదు' అన్నారు. పెళ్ళికొడుక్కి మన పిల్లంటే పడదేమోనని అప్పుడు ఎవరైనా అనుకున్నామా? గబగబా పెసలు విసిరి ఆ పిండి పెట్టాను. అమ్మడికి కూడా చెప్పలేదు."

చంపకదేవి భర్త వంక చూసింది. "ఏడ్చారా?"

చారుసేనుడు చెవులదాకా ఎర్రబడ్డాడు. గోరింటాకు చెయ్యలేని పని ఆ ముసలమ్మ మాట చేసింది. ఆయన సింహాసనం దిగి వచ్చి, సింగమ్మ చంకలోని మూట తీసి, తన చేత్తో మహారాణికి అందించాడు.

అప్పటికప్పుడే పాత దండోరా రద్దు చేసి కొత్త దండోరా వేశారు. ఎవరి ఒంటికి పడింది వారు రాసుకోవచ్చు. కొత్తది ఏదైనా సరే, ముందు చెవి వెనక చిటికెడు రాసి ఒక రోజు ఆగి చూడాలి. దురద పుడితే నిర్భయంగా పడదని చెప్పాలి. సేనాపతి శనగపిండికి మళ్ళీ చేరువయ్యాడు. పండితుడు పాలమీగడతో చల్లబడ్డాడు. మహారాణి జుట్టు కుంకుడురసానికీ మందారాకుకీ మళ్ళీ ఉంగరాలు తిరిగింది. మహామంత్రి మాత్రం ఏదీ నమ్మలేక చన్నీళ్ళతో సరిపెట్టుకున్నాడు. నిజానికి ఆయన మొహానికి అంతకంటే పడింది ఇంకోటి లేదు. 'సర్వజన' అన్న మాట చెరిపేసి రాజుగారు తన లేపనం తానే హాయిగా రాసుకున్నారు. ఆయనకది ఇప్పటికీ బ్రహ్మాండంగా పడుతుంది.

తిప్పనకి రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి వేశాడు. "ఇది నీకు పడుతుందా, ముందు చెవి వెనక పెట్టి చూస్తావా?" అని నవ్వాడు.

"అక్కర్లేదు మహారాజా. ముత్యాలు మా ఇంట్లో తాతల నాటినుంచీ అందరికీ పడతాయి," అన్నాడు తిప్పన, హారం ఉత్తరీయం కింద జాగ్రత్తగా సర్దుకుంటూ.

తర్వాతి శుక్రవారం చారుసేనుడు కుంకుడురసంతో చేతులు తోముకుని, ఎవరికీ చెప్పకుండా అంతఃపురం పెరట్లోకి వెళ్ళాడు. సింగమ్మ మహారాణికి జడ వేస్తోంది. ఆయన వచ్చి మెట్టు మీద కూర్చుని, జడ పూర్తయ్యేదాకా ఆగి, అరచేయి చాపాడు.

"ఈసారి జిడ్డు లేదు. పెట్టు," అన్నాడు.

మరీ ఎర్రగా పండలేదు. ఏదో లేత నారింజ రంగు. అయినా ఆ రోజంతా రాజుగారు కనబడినవాళ్ళందరికీ చేయి చూపించుకుంటూ తిరిగారు. ఎలా ఉందని మాత్రం ఎవరినీ అడగలేదు.